నెహ్రూల ఇల్లు: పెరిగిన కుటుంబం, సన్నబడిన వంశం

అందరికీ నమస్కారం. ఈరోజు నాకిచ్చిన విషయం నెహ్రూ కుటుంబ వంశావళి. పొగడటానికీ రాలేదు, తిట్టటానికీ రాలేదు. ఆ రెండు పనులు చేసేవాళ్ళకి మన దేశంలో కొదవ లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది, ఎవరి దగ్గర ఆగిపోయింది అన్నది మాత్రమే చూద్దాం.

మోతీలాల్, జవహర్‌లాల్, ఇందిర, రాజీవ్, రాహుల్. ఈ ఐదు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకుని ఇదే వంశవృక్షం అనుకుంటాం. నిజానికి అది వృక్షం కాదు, కొమ్మలన్నీ కొట్టేశాక మిగిలిన మాను. ఆ కొమ్మలు ఎవరివి, ఎప్పుడు కొట్టేశారు అన్నదే నాకు ఆసక్తి. ఎందుకంటే ఈ కుటుంబం సంఖ్యలో, కులాల్లో, దేశాల్లో పెరుగుతూ వచ్చింది. రాజకీయాల్లో మాత్రం తరం తరానికీ సన్నబడుతూ వచ్చింది. నా మాటంతా దీని గురించే.

మొదలు నుంచి వద్దాం. జవహర్‌లాల్ తన ఆత్మకథలో రాసుకున్న ప్రకారం వీళ్ళ పూర్వీకుడు రాజ్ కౌల్. కాశ్మీరీ పండితుడు, సంస్కృతం పారశీకం రెండూ తెలిసినవాడు. మొగల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ కంట్లో పడి, 1716 ప్రాంతంలో కుటుంబంతో ఢిల్లీకి వచ్చాడు. జాగీరూ, కాలవ ఒడ్డున ఒక ఇల్లూ ఇచ్చారు. కాలవని అక్కడ నహర్ అంటారు కాబట్టి వీళ్ళు కౌల్-నెహ్రూలు అయ్యారు, తరవాత కౌల్ రాలిపోయి నెహ్రూ మిగిలింది. మన ఇంటిపేర్లలో ఊళ్ళూ చెరువులూ ఎన్ని లేవు, అలాగే ఇదీ.

జాగీరు ఎక్కువ కాలం నిలవలేదు. మొగల్ సామ్రాజ్యం కరిగినట్టే అదీ కరిగిపోయింది. జవహర్‌లాల్ ముత్తాత లక్ష్మీనారాయణ్ నెహ్రూ, ఢిల్లీ దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున మొదటి వకీలు. తాత గంగాధర్ నెహ్రూ 1857కి ముందు కొంతకాలం ఢిల్లీ కొత్వాలు, అంటే నగర పోలీసు అధికారి. ఒకరేమో కంపెనీ వకీలు, ఒకరేమో బాదుషా ఊళ్ళో కొత్వాలు. ఇంగ్లీషువాడు ఎదుగుతున్నాడు, మొగలు దిగిపోతున్నాడు, వీళ్ళు ఆ రెండింటి మధ్యా బతుకుతెరువు చూసుకున్న గుమాస్తా వర్గం. రాజవంశం అనే మాట వీళ్ళకి ఎక్కడా అతకదు.

1857 తిరుగుబాటులో కుటుంబం ఢిల్లీ వదిలి ఆగ్రాకి పారిపోయింది. ఆ గొడవలోనే పాత కాగితాలూ దస్తావేజులూ నాశనమయ్యాయని జవహర్‌లాల్ స్వయంగా రాశారు. దీన్ని గుర్తుపెట్టుకోండి. 1857కి ముందు ఈ కుటుంబం గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఇంట్లో చెప్పుకున్న మాట. కాగితం లేని చోట పుకారుకి జాగా దొరుకుతుంది. గంగాధర్ నెహ్రూ అసలు ముస్లిం అనీ, పేరు మార్చుకున్నాడనీ మీ ఫోన్లకి వచ్చే మెసేజీలు పుట్టింది ఈ ఖాళీలోనే. తమాషా ఏమిటంటే, ఆ పుకారుకి కావలసిన సరుకు కూడా జవహర్‌లాలే ఇచ్చారు. ఇంట్లో తాతగారి చిన్న చిత్రపటం ఉండేదనీ, అందులో ఆయన మొగల్ దర్బారు దుస్తుల్లో, చేతిలో వంపు కత్తితో ఉన్నాడనీ, చూస్తే మొగల్ ప్రభువే అనుకోవచ్చనీ ఆత్మకథలో రాశారు. ముఖకవళికలు మాత్రం స్పష్టంగా కాశ్మీరీవే అని ఆ వెంటనే రాసిన సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఆ రోజుల్లో ఢిల్లీలో కొలువు చేసే హిందువు దర్బారు దుస్తులు వేసుకోక ఇంకేం వేసుకుంటాడు? నిజాం కొలువులో ఉన్న మనవాళ్ళు షేర్వానీలు వేసుకోలేదా?

ఆగ్రా దారిలో ఒక సంఘటన జరిగింది. గంగాధర్ కూతురు చిన్నపిల్ల, బాగా తెల్లగా ఉండేది. ఎదురైన ఇంగ్లీషు సైనికులు ఆ పిల్లని చూసి, ఇంగ్లీషు పిల్లని ఎత్తుకుపోతున్నారని అనుమానించారు. ఆ రోజుల్లో అలాంటి అనుమానానికి శిక్ష దగ్గర్లో ఉన్న చెట్టు కొమ్మే. పిల్ల అన్నకి కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి మాట్లాడి బయటపడ్డాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాకపోయి ఉంటే ఈరోజు మనం మాట్లాడుకోవడానికి ఈ వంశం ఉండేది కాదేమో. ఆ తరవాత ఈ ఇంట్లో ఇంగ్లీషు చదువు మీద పడిన శ్రద్ధ చూస్తే ఆశ్చర్యం అనిపించదు.

గంగాధర్ 1861లో 34 ఏళ్ళకే పోయారు. ఆయన పోయిన మూడు నెలలకి, మే 6న, మోతీలాల్ పుట్టారు. పుట్టకముందే తండ్రి లేడు. పెద్దన్న బన్సీధర్ కోర్టు ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతుండేవారు. పెంచింది రెండో అన్న నంద్‌లాల్. రాజపుతానాలోని ఖేత్రి సంస్థానంలో పదేళ్ళు దివానుగా చేసి, తరవాత లా చదివి ఆగ్రాలో వకీలుగా కుదురుకున్నారు. హైకోర్టు ఆగ్రా నుంచి అలహాబాదుకి మారితే, దాని వెనకే కుటుంబమూ మారింది. అలహాబాదు వీళ్ళ సొంత ఊరైంది ఇలా, కోర్టు ఉద్యోగుల బదిలీ లాగా. మోతీలాల్ బీఏ పరీక్షలో మొదటి పేపరు పాడుచేశాననుకుని మిగతావి రాయకుండా వచ్చేశారు. వకీలు పరీక్షలో మాత్రం మొదటి స్థానం. 1887లో నంద్‌లాల్ చనిపోతే ఆయన పిల్లల భారం కూడా పాతికేళ్ళ మోతీలాల్ మీద పడింది.

వంశవృక్షాల్లో నంద్‌లాల్ పేరు సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలని ఉంటుంది, ఎందుకంటే రాజకీయాల్లోకి వచ్చిన నెహ్రూల్లో సగం మంది ఈయన వైపు వాళ్ళే. కొడుకు బ్రిజ్‌లాల్ భార్య రామేశ్వరీ నెహ్రూ, 1909 నుంచి అలహాబాదులో హిందీలో స్త్రీల పత్రిక నడిపారు, తరవాత గాంధీగారి హరిజనోద్ధరణలో పనిచేశారు. ఇంకో కొడుకు శ్యామ్‌లాల్ భార్య ఉమా నెహ్రూ, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, తరవాత ఎంపీ. మన వరసల్లో చెప్పాలంటే వీళ్ళిద్దరూ జవహర్‌లాల్‌కి వదినలు, పెదనాన్న కోడళ్ళు. రామేశ్వరి కొడుకు బి.కె. నెహ్రూ ఐసీఎస్, అమెరికాలో రాయబారి, కొన్ని రాష్ట్రాలకి గవర్నరు. ఉమ మనవడు అరుణ్ నెహ్రూ. ఈ చివరి రెండు పేర్లూ పక్కన పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మోతీలాల్ సంపాదన, ఆనంద్ భవన్ వైభవం మీకు తెలిసిన కథే కాబట్టి గబగబా దాటేస్తాను. బట్టలు పారిస్‌లో ఉతికించేవారన్న మాట ఉత్త కల్పన అని జవహర్‌లాలే కొట్టిపారేశారు. భార్య స్వరూప్ రాణి లాహోరు కాశ్మీరీ కుటుంబం ఆడపడుచు. ముగ్గురు పిల్లలు మిగిలారు. జవహర్‌లాల్ 1889లో, తరవాత విజయలక్ష్మి 1900లో, కృష్ణ 1907లో. 1930లో పాత ఇంటిని కాంగ్రెసుకి ఇచ్చేస్తే అది స్వరాజ్ భవన్ అయింది, పక్కనే కట్టుకున్న కొత్త ఇంటికి ఆనంద్ భవన్ పేరు వెళ్ళింది.

ఇక మొదటి అప్పగింత. మోతీలాల్ 1919లో అమృత్‌సర్‌లో, 1928లో కలకత్తాలో కాంగ్రెసు అధ్యక్షులు. 1929లో లాహోరులో ఆయన చేతి నుంచి ఆ పదవి కొడుక్కి వెళ్ళింది. తండ్రి తరవాత వెంటనే కొడుకు. వారసత్వ రాజకీయం ఇక్కడే మొదలైందని కొందరు అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను, పూర్తిగా కాదనను. ఆ ఏడాది రాష్ట్ర కమిటీల్లో ఎక్కువ గాంధీ పేరు పంపాయి, తరవాత పటేల్ పేరు, జవహర్‌లాల్‌ది ఆ తరవాతే. గాంధీ తప్పుకుని జవహర్‌లాల్‌ని ముందుకు తోశారు. అంతకు ముందు ఏడాది మోతీలాల్ గాంధీకి రాసిన లేఖలో, పటేల్ కాకపోతే జవహర్ అని సూచించిన మాటా ఉంది. జవహర్‌లాల్‌కే ఇది నచ్చలేదు. ముందు గుమ్మంలోంచీ రాలేదు, పక్క గుమ్మంలోంచీ రాలేదు, వేదిక కింద తలుపు తెరుచుకుని హఠాత్తుగా పైకి వచ్చినట్టయిందని రాసుకున్నారు. కానీ అప్పటికి ఆయన జైళ్ళకి వెళ్ళి వచ్చిన మనిషి, యువకుల్లో పేరున్న మనిషి. ఇంటిపేరు దారి చూపింది, నడిచింది మాత్రం ఆయనే. తరవాతి అప్పగింతల్లో ఈ పాళ్ళు మారుతూ వచ్చాయి.

పెళ్ళిళ్ళ సంగతి చెప్పకుండా వంశావళి చెప్పలేం. రెండు వందల ఏళ్ళు వీళ్ళు కాశ్మీరీ పండిత కుటుంబాల్లోనే ఇచ్చిపుచ్చుకున్నారు. జవహర్‌లాల్‌కి 1916లో ఢిల్లీ కౌల్ కుటుంబం నుంచి కమలని తెచ్చారు. అదే తరంలో ఆ గోడ కూలింది. విజయలక్ష్మి భర్త రంజిత్ పండిట్ మహారాష్ట్ర మూలాలున్న సంస్కృత పండితుడు, కల్హణుడి రాజతరంగిణిని ఇంగ్లీషులోకి తెచ్చారు. కృష్ణ 1933లో అహ్మదాబాదు జైనుల ఇంటి కోడలైంది. బి.కె. నెహ్రూ హంగరీ యూదు అమ్మాయిని చేసుకున్నారు. ఇందిర 1942 మార్చి 26న పార్సీ అబ్బాయి ఫిరోజ్‌ని. ఆ పెళ్ళికి ఎంత వ్యతిరేకత వచ్చిందంటే, గాంధీగారు హరిజన్ పత్రికలో సమర్థిస్తూ రాయాల్సి వచ్చింది. తరవాత ఇద్దరు కోడళ్ళలో ఒకరు ఇటలీ, ఒకరు సిక్కు. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ శాఖ కలవలేదని సంబంధం వదులుకుంటున్నారు, ఇది ఎనభై తొంభై ఏళ్ళ కిందటి సంగతి.

గాంధీ ఇంటిపేరు గురించి ఒక్క మాట, ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. ఫిరోజ్ తండ్రి జహంగీర్ ఫరీదూన్ గాంధీ, బొంబాయిలో ఓడల ఇంజినీరు, భరూచ్ నుంచి వచ్చిన పార్సీ కుటుంబం. గుజరాతులో గాంధీ ఇంటిపేరు హిందువులకీ ఉంది, జైనులకీ ఉంది, పార్సీలకీ ఉంది. మహాత్ముడు దత్తత తీసుకున్నాడన్నది కట్టుకథ. అలాగని ఆ ఇంటిపేరు వల్ల లాభం జరగలేదని నేను అనను. పల్లెటూళ్ళో ఓటరుకి గాంధీ అంటే ఒకే గాంధీ. ఆ అపోహని తీర్చాలని పార్టీలో ఎవరూ తొందరపడలేదు.

ఇప్పుడు 1952కి రండి. మొదటి లోక్‌సభలో ఈ కుటుంబం నుంచి ఎంతమంది? జవహర్‌లాల్ అలహాబాదు వైపు నుంచి. చెల్లెలు విజయలక్ష్మి లక్నో నుంచి. అల్లుడు ఫిరోజ్ రాయ్‌బరేలీ వైపు నుంచి. వదిన ఉమా నెహ్రూ సీతాపూర్ వైపు నుంచి. నలుగురు. ఇందిర వాళ్ళలో లేరు. ఆ నలుగురూ ఒకే గొంతుతో మాట్లాడలేదు కూడా. జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా కంపెనీల్లో పెట్టిన వ్యవహారాన్ని 1957 చివర్లో లోక్‌సభలో లాగింది అల్లుడు ఫిరోజే. మామగారి ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసే దాకా అది ఆగలేదు. 1959లో ఇందిర కాంగ్రెసు అధ్యక్షురాలిగా ఉండగా కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని రద్దు చేస్తే, తప్పన్నదీ ఫిరోజే. ఇంట్లో ప్రతిపక్షం అంటే అది. 1960లో 48 ఏళ్ళు నిండకముందే గుండెపోటుతో పోయారు. వంశవృక్షం బొమ్మల్లో ఆయన్ని ఇందిర భర్తగా, రాజీవ్ తండ్రిగా మాత్రమే చూపించడం నాకు ఎప్పుడూ అన్యాయం అనిపిస్తుంది.

1964 మే 27న నెహ్రూ పోయారు. ప్రధాని అయింది కూతురు కాదు, లాల్‌బహదూర్ శాస్త్రి. 1966 జనవరిలో ఆయన తాష్కెంట్‌లో పోయాక పార్టీ పెద్దలు ఇందిరని ఎంచుకున్నారు. కారణం వారసత్వ భక్తి కాదు. మొరార్జీ వస్తే తమ మాట వినడు, ఈ అమ్మాయి వింటుంది అనుకున్నారు. పార్టీ ఎంపీల ఓటింగులో 355, మొరార్జీకి 169. విన్నదా లేదా అన్నది మూడేళ్ళలో తేలిపోయింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఒకవైపు పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇంకోవైపు ఇందిర మనసులో ఉన్న వి.వి. గిరి. ఒకరు తెలుగు గడ్డ మీద పుట్టినవారు, ఇంకొకరు బరంపురంలో పుట్టిన తెలుగువారు. గిరి గెలిచారు, పార్టీ రెండుగా చీలింది.

ఆ చీలికతోనే వంశం ఆకారం మారిందని నా అభిప్రాయం. రాష్ట్రాల్లో బలమున్న పెద్దలు పోయాక పార్టీలో ఒక్క మనిషే మిగిలింది. ఒక్క మనిషి మిగిలిన చోట ఆ మనిషి ఇంటివాళ్ళే మిగులుతారు. అదీ ఇంటివాళ్ళందరూ కాదు.

మేనత్త విజయలక్ష్మిని చూడండి. 1953లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకి అధ్యక్షురాలైన మొదటి మహిళ. అన్న పోయాక ఆయన సీటు ఫూల్‌పూర్ నుంచి గెలిచారు. మేనకోడలు ప్రధాని అయ్యాక చేయడానికి పనే లేకుండా పోయింది, 1968లో రాజీనామా చేసి డెహ్రాడూన్ వెళ్ళిపోయారు. 1977లో ఎమర్జెన్సీ తరవాత ఎన్నికలొస్తే, వయసు మీద పడినా బయటికి వచ్చి మేనకోడలికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఆమె కూతురు, రచయిత్రి నయనతార సెహగల్ ఎమర్జెన్సీని ఎదిరించారు. ఇటలీకి రాయబారిగా ఖాయమైన ఆమె నియామకాన్ని 1980లో తిరిగొచ్చిన ఇందిర రద్దు చేశారు. 1984లో జమ్మూ కాశ్మీరులో ఫరూఖ్ అబ్దుల్లా ప్రభుత్వాన్ని పడగొట్టడానికి గవర్నరు ఒప్పుకోలేదు. ఆ గవర్నరు ఎవరనుకున్నారు, ఇందాక పక్కన పెట్టమన్న బి.కె. నెహ్రూ. వరసకి ఇందిరకి అన్న. ఆయన్ని గుజరాతుకి పంపించి జగ్‌మోహన్‌ని తెచ్చారు, జులైలో ప్రభుత్వం పడిపోయింది. కొమ్మలు ఎండి రాలిపోలేదు. కాదు అన్న ప్రతి కొమ్మా కొట్టుడు పడింది.

సంజయ్, రాజీవ్ కథ మీకు తెలుసు. చిన్నవాడు రాజకీయాల్లోకి వచ్చాడు, పెద్దవాడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్. 1980 జూన్ 23న సంజయ్ విమానం కూలి చనిపోయాడు. భార్య మేనకకి అప్పటికి పాతికేళ్ళు నిండలేదు, లోక్‌సభకి పోటీ చేసే వయసు లేదు. 1981లో అమేథీ ఉప ఎన్నికకి రాజీవ్‌ని దించారు. 1982 మార్చిలో మేనక రెండేళ్ళ వరుణ్‌ని చంకనేసుకుని అత్తగారింట్లోంచి బయటికి వచ్చింది. అత్తాకోడళ్ళ గొడవ అని పత్రికలు పండగ చేసుకున్నాయి. గొడవ మామూలే, అసలు ప్రశ్న సంజయ్ అనుచరులు ఎవరి వెనక నడవాలి అన్నది. 1984లో అమేథీలో బావగారి మీదే నిలబడి చిత్తుగా ఓడిపోయింది. తోడికోడళ్ళు ఇద్దరూ తరవాత పార్లమెంటులో చెరోవైపు కూర్చున్నారు.

అరుణ్ నెహ్రూని 1980లో రాయ్‌బరేలీ ఉప ఎన్నికకి తెచ్చారు. ఎందుకంటే ఇందిర ఆ ఏడాది రెండు చోట్ల గెలిచి రాయ్‌బరేలీ వదులుకున్నారు, మన మెదక్ ఉంచుకున్నారు. మెదక్‌లో ఆమె ఓడించింది జైపాల్‌రెడ్డిని. 1984 అక్టోబరు 31న చనిపోయేనాటికి ఇందిర మెదక్ ఎంపీయే, ఈ సంగతి మనవాళ్ళలోనే చాలామందికి గుర్తు లేదు. అరుణ్ నెహ్రూ రాజీవ్ దగ్గర చక్రం తిప్పి, 1986లో పదవి పోయి, వి.పి. సింగ్‌తో వెళ్ళిపోయారు. 1999లో అదే రాయ్‌బరేలీలో బీజేపీ తరఫున నిలబడితే, ఆయన్ని ఓడించమని ఊరూరా తిరిగింది రాజీవ్ కూతురు ప్రియాంక. మోతీలాల్ మునిమనవడి కూతురు, నంద్‌లాల్ మునిమనవణ్ణి ఓడించమంటోంది. ఖేత్రి దివానుగారు తమ్ముణ్ణి పెంచిన నూట పాతికేళ్ళ తరవాత అన్నమాట.

మధ్యలో ఒక విరామం ఉంది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ హత్య. మర్నాడే వర్కింగ్ కమిటీ సోనియాని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది, ఆమె వద్దన్నారు. అప్పటికి రాహుల్ వయసు ఇరవై, ప్రియాంకకి పంతొమ్మిది. ఇంకెవరూ లేరు, పక్క కొమ్మలు ముందే పోయాయి. అలా పీవీ నరసింహారావు వచ్చారు, ఐదేళ్ళు పూర్తిగా నడిపారు. నంద్యాల ఉప ఎన్నికలో ఆయన మీద ఎన్టీఆర్ అభ్యర్థిని కూడా పెట్టలేదు. 1998లో పార్టీ అధ్యక్ష పదవి నుంచి సీతారాం కేసరిని దించి సోనియాని తెచ్చింది మళ్ళీ ఆ పార్టీ వాళ్ళే. కుటుంబం లేకుండా నడవగలమని ఐదేళ్ళు చూపించి, ఓడిపోగానే ఆ ధైర్యం పోగొట్టుకున్నారు. తప్పు కుటుంబానిది ఎంత, పార్టీది ఎంత అని అడిగితే నేను పార్టీ వైపే ఎక్కువ వేలు చూపిస్తాను.

సీట్లకి కూడా ఒక వంశావళి ఉంది. ఫూల్‌పూర్ అన్న నుంచి చెల్లెలికి. రాయ్‌బరేలీ భర్త నుంచి, కొంత విరామం తరవాత, భార్యకి. ఆ తరవాత అరుణ్ నెహ్రూకి. ఆపైన 1989లో, 1991లో షీలా కౌల్‌కి, అంటే కమల తమ్ముడి భార్యకి, ఇందిరకి అత్తగారి వరస. 2004లో సోనియాకి, 2024లో రాహుల్‌కి. ఉత్తరాన గాలి అటూ ఇటూ అయినప్పుడల్లా దక్షిణాదికి రావడం ఇంకో అలవాటు. ఇందిర 1978లో చిక్కమగళూరు, 1980లో మెదక్. సోనియా 1999లో బళ్ళారి. 2019లో అమేథీ స్మృతి ఇరానీ చేతిలో పోయినప్పుడు రాహుల్‌ని పార్లమెంటుకి పంపింది వయనాడు. దక్షిణాది వాళ్ళు వీళ్ళని ఆదుకున్నంతగా వీళ్ళు దక్షిణాదిని అంటిపెట్టుకుని ఉన్నారా అంటే, మెదక్ వాళ్ళనీ బళ్ళారి వాళ్ళనీ అడగాలి.

2024 ఎన్నికల్లో వరుణ్‌కి బీజేపీ టికెట్ ఇవ్వలేదు, మేనక సుల్తాన్‌పూర్‌లో ఓడిపోయారు. సోనియా రాజస్థాన్ నుంచి రాజ్యసభకి వెళ్ళారు. రాహుల్ రెండు చోట్ల గెలిచి రాయ్‌బరేలీ ఉంచుకున్నారు, వదిలిన వయనాడులో నవంబరు ఉప ఎన్నికలో ప్రియాంక గెలిచారు. అంటే పార్లమెంటులో ముగ్గురు. 1952లో నలుగురు, ఇప్పుడు ముగ్గురు, లెక్కలో పెద్ద తేడా లేదు. అప్పుడు అన్న, చెల్లెలు, అల్లుడు, వదిన. ఇప్పుడు తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకరు లేచి సభలో ఇంకొకర్ని నిలదీస్తారని, ఫిరోజ్ చేసినట్టు, ఎవరూ ఎదురుచూడటం లేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక వరసకి కూడా ఇవ్వండి.